పెరడు మేడెక్కిన కథ

ఈమధ్య ఎవర్ని కదిలించినా మిద్దెతోట మాటే. కోడ్ రివ్యూ నడుస్తుంటే మధ్యలో ఫోను తీసి తన టమాటాల ఫోటోలు చూపించే మేనేజరు మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. మీ ఆఫీసులోనూ ఉండే ఉంటాడు. వాళ్ళ మాటలు వింటే ఇదేదో నిన్నగాక మొన్న అమెరికా నుంచో యూట్యూబ్ నుంచో దిగిన కొత్త విద్య అనిపిస్తుంది. నా అభ్యంతరం అక్కడే. మన ఊళ్ళో మిద్దెతోట కొత్తగా పుట్టలేదు. కింద ఉండాల్సిన పెరడుని మనమే మెట్లెక్కించాం. ఎవరెక్కించారు, ఎప్పుడెక్కించారు అని తెలుసుకోవాలంటే పుస్తకాలు కూడా అక్కర్లేదు. అమీర్‌పేటలో బయల్దేరి పంజాగుట్ట దాకా, మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం, కాస్త కళ్ళు తెరిచి నడిస్తే చాలు.

స్థలం కరువై పెరళ్ళు పోయాయని అందరూ అంటారు. స్థలం సంగతి రెండోది, నీళ్ళ సంగతి మొదటిది అంటాను నేను. ఇంట్లో వాడిన నీళ్ళు ఎటు పోతే కూరగాయలు అటు పోయాయి.

కొంచెం వెనక్కి వెళదాం. హుస్సేన్‌సాగర్ తవ్వింది 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో. అప్పటికి హైదరాబాదు నగరమే లేదు, చార్మినార్ కట్టడానికి ఇంకో మూడు దశాబ్దాలు పడుతుంది. ఇవ్వాళ మనం అమీర్‌పేట, బల్కంపేట, పంజాగుట్ట అంటున్న నేలంతా ఆ చెరువుకి ఎగువన ఉంది. అంటే ఇక్కడ పడ్డ వాన వాగుల్లోంచి చెరువులోకి దిగేది, కొంత దారిలోనే భూమిలోకి ఇంకేది. కింద రాయి, దాని మీద అరిగి మెత్తబడ్డ గ్రానైటు పొర. ఆ మెత్తటి పొరే మన బావులకు ట్యాంకు. నాలుగైదు నిలువులు తవ్వితే నీళ్ళు, మోట కట్టి తోడితే మడి.

దీనికి సాక్ష్యం కావాలంటే బల్కంపేట ఎల్లమ్మ గుడికెళ్ళండి. అమ్మవారు నేలమట్టం కంటే పదడుగులు కింద, బావిలో ఉంటుంది. పొలంలో బావి తవ్వుతున్న రైతుకి విగ్రహం దొరికిందనీ, పైకి తేబోతే కదల్లేదనీ కథ. కథ నిజమా కాదా అన్న చర్చ నాకొద్దు. ఆ కథలో పాత్రలెవరో చూడండి: ఒక రైతు, ఒక పొలం, ఒక బావి. ఆషాఢంలో ఎల్లమ్మ కళ్యాణానికి లక్షలమంది వచ్చే ఈ చోటు ఒకప్పుడు బావి కింద సాగైన నేల అన్నది ఊరు మర్చిపోయింది కానీ గుడి మర్చిపోలేదు.

పంజాగుట్ట నుంచి ఖైరతాబాదు వెళ్ళేదారిలో ఉన్న ఎర్రమంజిల్ ఇంకో తమాషా. నవాబ్ ఫఖ్రుల్ముల్క్ కట్టించిన మేడ. ఆ గుట్టని తెలుగువాళ్ళు ఎర్రగుట్ట అనేవాళ్ళనీ, దాన్నే ఫారసీలో స్వర్గవనం అని అర్థం వచ్చే 'ఇరం' కింద మార్చి పేరు పెట్టారనీ చెబుతారు. ఎర్రమట్టి గుట్ట ఎక్కి తోట అయ్యిందన్నమాట! 2019లో దాన్ని కూలగొట్టి అసెంబ్లీ కడతామని ప్రభుత్వం అంటే హైకోర్టు కుదరదంది. (అన్నట్టు, పక్కనున్న ఎర్రగడ్డ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా కడప వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. ఉల్లిపాయ పేరు పెట్టుకున్న బస్టాపు దగ్గరే రైతుబజారు కూడా ఉంటే బావుండు అనుకున్నా, నిజంగానే ఉంది. రాష్ట్రంలో రైతుబజార్లు మొదలైంది 1999 జనవరి 26న.)

ఇంకో పిడకలవేట. హుస్సేన్‌సాగర్ తవ్విన కూలీల పప్పులో టమాటా ఉండే అవకాశం లేదు, మిరపకాయా బహుశా లేదు. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంటలే. పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి చేరి దక్కను లోపలికి రావడానికి టైము పట్టింది. పులుపంటే చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర. కారమంటే మిరియం. కాబట్టి "మన సంప్రదాయ వంట" అని ఎవరైనా టమాటా పప్పు పెడితే తినండి, బావుంటుంది, సంప్రదాయం మాట మాత్రం నమ్మకండి.

సరే, కాలనీల దగ్గరికొద్దాం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదుకి ఉద్యోగులు రావడం ఎక్కువైంది, ఇటు సనత్‌నగర్ ఫ్యాక్టరీల పనివాళ్ళూ వచ్చారు. ఊరు పడమటికి సాగింది. మన కాలనీల పేర్లు ఫైలు మీద ఉండే తేదీల్లాంటివి. సంజీవరెడ్డి నగర్ అంటే నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలానికి అటూ ఇటూ (ఆయన 1956-60లోనూ, 1962-64లోనూ ముఖ్యమంత్రి). వెంగళరావు నగర్ అంటే జలగం వెంగళరావు పాలించిన 1973-78 గుర్తు. పేరు చూసి కాలనీ వయసు చెప్పేయొచ్చు.

ఆ కాలనీ ఇళ్ళ ప్లాను గుర్తుందా మీకు? ముందు చిన్న పూలచోటు, ఒక పక్క సందు, వెనక పెరడు. పెరట్లో బావో చేతిపంపో, బట్టలుతికే బండ, ఒక మునగచెట్టు, కరివేపాకు, అరటి. నేను 1999లో కోర్సు కోసం అమీర్‌పేట వచ్చినప్పుడు ఎస్సార్‌నగర్లో అలాంటి ఇంటి మీద వేసిన రేకుల గదిలో నలుగురం ఉండేవాళ్ళం. పొద్దున మైత్రీవనం దగ్గర జావా, సాయంత్రం ఒరాకిల్, రాత్రి ఎవరి వంతైతే వాడి వంట. ఓనరు గారి అమ్మని అందరం పెద్దమ్మా అనేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు మోరీలో పోయబోతే కిందనుంచి కేక వినిపించేది: "నీళ్లు పారబొయ్యకు బిడ్డా, సొరపాదుకు పొయ్యి!" అప్పుడది పిసినారితనంలా వినిపించేది. అది ఒక సిస్టమ్ అని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పెరట్లో ఏ నీటికి ఏ మొక్కో నిర్ణయమై ఉండేది. స్నానాల గది తూము అరటి పాదులోకి. గిన్నెలు తోమిన నీళ్ళు కాకర పందిరికి. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు సొర, బీర తీగలకి. పెద్దమ్మ గిన్నెలు తోమింది బూడిదతో కాబట్టి ఆ నీళ్ళు మొక్కకి హాని చెయ్యకపోగా కాస్త పొటాషు కూడా ఇచ్చేవి. మిగిలిన బూడిద చిక్కుడు ఆకుల మీద పేనుబంక వస్తే చల్లేది. పెరట్లోకి మంచినీళ్ళు ప్రత్యేకంగా తోడి పోసింది నారుమడికీ ఆకుకూరలకీ మాత్రమే. మిగతాదంతా ఇంట్లో ఒకసారి వాడిన నీళ్ళే. అవి మట్టిలో ఇంకి, కొంత మళ్ళీ బావిలో చేరేవి.

ఇది ఆమె కనిపెట్టింది కాదు, ప్రభుత్వాలు కూడా అవసరమైనప్పుడల్లా జనానికి గుర్తు చేసినదే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో 'విక్టరీ గార్డెన్లు' అని ఇంటింటా కూరగాయలు వేయించారు. దాదాపు 2 కోట్ల తోటలు, దేశంలో తాజా కూరగాయల్లో 40 శాతం వాటినుంచే వచ్చాయని అంచనా. మన దగ్గర 1965లో, ఒకపక్క యుద్ధం ఇంకోపక్క తిండిగింజల కొరత ఉన్నప్పుడు, లాల్‌బహదూర్ శాస్త్రి ఢిల్లీలో తన అధికారిక నివాసం పచ్చికని దున్నించారు. పూటతిండి మానమన్నాయన, ఇంటిచుట్టూ ఏదైనా పండించమని కూడా అన్నారు. మన కాలనీల పెరళ్ళు సరిగ్గా ఆ తరానివే.

పండింది వండాలి కదా. అమీర్‌పేటలో ఉన్న సుఖమేంటంటే ఒకే మొక్కని నాలుగు రకాలుగా తినొచ్చు. పెద్దమ్మ వేసిన మడిలో ఉన్నది ఆవిడకి పుంటికూర. మా గదిలో గుంటూరు అబ్బాయికి అది గోంగూర. నాకు గోగాకు. పక్కవీధిలో ఇస్త్రీ బండి చాచాకి అంబాడా. పేరుతోపాటు వంటా మారేది. పుంటికూరంటే పెద్దమ్మ పప్పులో వేసి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయలతో పోపు పెట్టేది, జొన్నరొట్టెలోకి. గుంటూరువాడు దాన్ని నూనెలో మగ్గించి, పండుమిర్చి కలిపి పచ్చడి నూరితే తప్ప వంటగా ఒప్పుకునేవాడు కాదు, మీద పచ్చి ఉల్లిపాయ ఉండి తీరాలి. మా ఇంట్లో అయితే ఉడికించిన ఆకుని పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనిపి సంగటిలోకి. చాచా ఇంట్లో అంబాడే కా గోష్త్, మాంసంతో కలిపి. హైదరాబాదీ వంటలో పులుపుకూరతో మాంసం వండటం ఓ పెద్ద విద్య. చింతచిగురుతో వండే చిగుర్ కా గోష్త్, సొరకాయ వేసిన దాల్చా ఇవన్నీ పెరట్లోంచి వచ్చిన వంటలే. రాజుల వంటశాల గురించి రాసేవాళ్ళు బిర్యానీ దగ్గరే ఆగిపోతారు కానీ ఈ ఊరి వంటలో సగం ప్రాణం ఆకుల్లో ఉంది.

గోంగూరలో ఒక సుగుణం, విత్తిన నెల దాటేసరికి కొయ్యొచ్చు, పైన తుంచితే పక్కనుంచి మళ్ళీ చిగురేస్తుంది. పచ్చకాడ రకం పులుపు తక్కువ, ఎర్రకాడ రకం ఎక్కువ. పప్పుకి మొదటిది, పచ్చడికి రెండోది అని పెద్దమ్మ లెక్క. ఇదే మొక్క కుటుంబంలోంచి గోగునార కూడా తీస్తారు. ఇంతకంటే ఎక్కువ ఇచ్చి తక్కువ అడిగే మొక్క నేను చూళ్ళేదు.

మరి ఇదంతా ఎప్పుడు పోయింది? ఒక్కరోజులో పోలేదు, అంగుళాల లెక్కన పోయింది.

మొదట డ్రైనేజీ లైను వచ్చింది. దాన్ని తప్పు పట్టలేం, దోమలూ రోగాలూ తగ్గాయి. కానీ మురుగునీటినీ కూరలు కడిగిన నీళ్ళనీ ఒకే గొట్టంలో కలిపేశాం. అరటికి పోయే తూము మూసుకుపోయింది. తర్వాత మంజీరా నల్లా వచ్చింది (మొదటి దశ 1965, రెండోది 1981), బావితో పనిలేకుండా పోయింది. నల్లా చాలనప్పుడు బోరు వేశారు. బోరు అరిగిన పొరని దాటి రాతి పగుళ్ళలోకి వెళ్ళి తోడుతుంది, దాంతో పైపొరలోని బావి ఎండింది. ఎండిన బావి చెత్తకుండీ అయ్యింది, తర్వాత పూడ్చి పైన గది వేశారు. బోర్లకి అడ్డుకట్టగా వాల్టా చట్టం వచ్చింది 2002లో, అప్పటికే ఆలస్యం.

ఆ తర్వాత మనం వచ్చాం. మనమంటే నాతో సహా అమీర్‌పేటకి కోర్సులకొచ్చిన వేలమందిమి. పెరట్లో పందిరి తీసి నాలుగు గదులు వేస్తే నెలకి ఎంత అద్దె వస్తుందో, పందిరి మీద బీరకాయలు అమ్మితే ఎంత వస్తుందో ఏ ఓనరైనా లెక్కేసుకుంటాడు. అతన్ని నేనేమీ అనను. రెండువేల సంవత్సరం దాటాక బిల్డర్లొచ్చి సగం సగం ఒప్పందాల మీద ఇళ్ళన్నీ అపార్ట్‌మెంట్లు చేశారు. చట్టప్రకారం గోడకీ బిల్డింగుకీ మధ్య వదలాల్సిన సెట్‌బ్యాక్ అయినా మట్టిగా మిగలాలి కదా! అదీ మిగల్లేదు. అందులో జనరేటరు, వాచ్‌మన్ గది, మెట్లు, మిగిలినదాని మీద టైల్సు. 2007 డిసెంబరులో జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాల్ని క్రమబద్ధం చేసే పథకం తెచ్చారు, 2015లో మళ్ళీ ఇంకోటి. నా దృష్టిలో అమీర్‌పేట పెరడుకి డెత్ సర్టిఫికెట్ ఇచ్చింది అదే. అప్పటిదాకా తప్పు, ఆ తర్వాత రసీదున్న తప్పు.

విచిత్రమేంటంటే వానొస్తే అదే నీళ్ళు తమ పాత దారి వెతుక్కుంటాయి. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి బేగంపేట వైపు కాలనీలు మునిగినప్పుడు చూసినవాళ్ళకి తెలుసు. మైత్రీవనం దగ్గర గంట వానకే మోకాళ్ళ లోతు నిలవడం మీరూ చూసే ఉంటారు. ఇంకడానికి మట్టి లేదు, పోవడానికి వాగు లేదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. మన వంటింటి నీళ్ళు కూరగాయలకి పోవడం ఆగిపోలేదు, దారి మాత్రం పొడుగైంది. పంజాగుట్ట మురుగు నాలాల్లోంచి హుస్సేన్‌సాగర్ వైపు, అక్కడినుంచి మూసీలోకి. శుద్ధి కేంద్రాలొచ్చాక కొంత శుద్ధయింది, కొంత కాలేదు. మూసీ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు రైతులు ఆ నీళ్ళతోనే గేదెల గడ్డీ, తోటకూర, పాలకూర, గోంగూర పండించారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్ళు 2000ల్లో దీనిమీద చాలా పరిశోధన చేశారు. ఆ కట్టలు తిరిగి మన మార్కెట్లకే వచ్చాయి. పెద్దమ్మ తూములో ఆరడుగులు నడిచిన నీళ్ళు ఇప్పుడు ఊరంతా తిరిగి, ఫ్యాక్టరీలనూ ఆస్పత్రులనూ పలకరించి వస్తున్నాయి. ఆ రైతుని తిట్టి లాభం లేదు, అతనికి మనం పంపిన నీళ్ళు అవి.

ఇదిగో ఈ భయమే పెరడుని మేడెక్కించింది. 2010 తర్వాత ఉద్యాన శాఖ వాళ్ళు 'మన ఇల్లు - మన కూరగాయలు' అని సగం రాయితీ మీద కిట్లు ఇచ్చారు, సాక్షి పత్రికలో 'ఇంటిపంట' శీర్షిక వచ్చింది, కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన మేడమీద పండించి, పుస్తకం రాసి మిద్దెతోట అన్న మాటని ఇంటింటికీ చేర్చారు. మంచి పనే. నేనూ పంజాగుట్టలో మా అపార్ట్‌మెంటు పైన పెంచుతున్నాను, అరవై సంచులు.

ఇంజనీర్లం కాబట్టి రెండు లెక్కలు. మొదటిది బరువు. మనుషులు తిరిగే డాబాకి మన కోడు ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. అడుగు మందాన ఎర్రమట్టి పోసి తడిపితే 500 కిలోలు. మా పై అంతస్తు ఆయన "నా నెత్తిన పెడతారా" అని అసోసియేషన్‌లో గొడవ చేస్తే ఆయనదే న్యాయం అన్నాను. అందుకే సంచులు, కొబ్బరిపొట్టు, బీముల మీద వరసలు. డాబా అంతా మడి కడతానంటే ఒప్పుకోకూడదు.

రెండోది నీళ్ళు. అరవై సంచులకి రోజుకి సగటున 120 లీటర్లు, ఏడాదికి 44 వేలు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. అవి ఎక్కడివి? 2004 నుంచి కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి, 2015 నుంచి గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి, ఎత్తిపోసి తెస్తున్నారు. ఒక బెండకాయ కోసం గోదావరిని ఎత్తుతున్నాం. ఇప్పుడు మా డాబా చూడండి: 280 చదరపు మీటర్లు, ఊళ్ళో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, కారినవీ ఆరినవీ తీసేసినా లక్షా ఎనభై వేల లీటర్లు. తోటకి కావాల్సినదానికి నాలుగింతలు. కాకపోతే అంతా జూన్-అక్టోబరు మధ్యే వస్తుంది. దాచుకోవడానికి ఏదైనా ఉండాలి. పూర్వం దాన్ని బావి అనేవాళ్ళు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది మా పక్క సందులో పాత ఇల్లు పడగొట్టి సెల్లారు తవ్వుతుంటే రాతికట్టు బావి బయటపడింది. నిండు వేసవి, అడుగున నీళ్ళున్నాయి. రెండు రోజుల్లో ఆ ఇంటి శిథిలాలతోనే దాన్ని నింపేశారు. ఆ తర్వాత మూడోరోజు సిమెంటు పనికి నీళ్ళ ట్యాంకరొచ్చింది. మేస్త్రీని అడిగితే "బావి ఉంటే ప్లానులో పార్కింగు తగ్గుతది సార్" అన్నాడు.

అలాంటిదే ఒకటి మా అపార్ట్‌మెంటు కింద కూడా ఉందని మా వాచ్‌మన్ యాదయ్య చెబితే తెలిసింది. పార్కింగులో ఇనప మూత కింద, సగం పూడి. పూడిక తీయించి డాబా గొట్టాలు దాంట్లోకి కలపాలని మీటింగులో పెట్టాను. ఖర్చు ఫ్లాటుకి ఒక నెల మెయింటెనెన్సు అంత. పద్దెనిమిది ఫ్లాట్లలో పదకొండు మంది సరేనన్నారు. వద్దన్నవాళ్ళలో ఇద్దరు, దాని మీద కారు పెట్టుకునేవాళ్ళు, ఇంకా ఒప్పుకోలేదు. వానల్లోపల తేల్చాలి.

ఈలోగా మా ఇంట్లో రెండు బకెట్లు పెట్టాం. ఒకటి బియ్యం, కూరలు కడిగినవి, నేరుగా పైకి. రెండోది ఆర్వో యంత్రం వదిలేసేవి. అవి ఉప్పెక్కువ కాబట్టి వేరే నీళ్ళతో సగానికి సగం కలిపి, అదీ వంగకీ సొరకీ మాత్రమే, ఆకుకూరలకి కాదు. సబ్బు నీళ్ళ జోలికి పోలేదు. నిన్న కోసింది రెండు సొరకాయలు, బుట్టెడు పుంటికూర. సొరకాయలతో మా ఆవిడ దాల్చా చేసింది. పుంటికూరలో సగం, పార్కింగు ఇవ్వనన్న ఆ రెండు ఇళ్ళకీ పంపాం.